పని పేరు చెప్పి వెతకండి

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. కావాలంటే ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చన్నారు గానీ అది తాత్కాలికమే. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. మా రైల్వే క్వార్టర్లలో ఉన్న కంప్యూటర్లు చాలావరకు అంతకు ముందువి. పిల్లల చదువుకని బోనస్ డబ్బుతో కొన్నవి కొన్ని, రిటైరయ్యాక చేతికి నాలుగు డబ్బులు వచ్చినప్పుడు కొన్నవి కొన్ని. వాటిలో చెడిపోయిన భాగం ఏదీ లేదు. తెర వెలుగుతోంది, కీబోర్డు పనిచేస్తోంది. అయినా దుకాణానికి తీసుకెళ్తే, ఇది పాతబడిపోయింది, మార్చేయండి అంటున్నారు.

మార్చనక్కర్లేదు. విండోస్ బదులు లైనక్స్ మింట్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే 2 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మీద కూడా నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, హార్డ్ డిస్కును తాకకుండా ముందు నడిపి చూసుకోవచ్చు. వైఫై దొరుకుతుందా, సౌండు వస్తుందా, ప్రింటరు పలుకుతుందా, అన్నీ చూసుకున్నాకే లోపల వేసుకోవచ్చు. వేసుకోవడం ఇప్పుడు పెద్ద పని కాదు. అసలు తికమక ఆ మర్నాడు మొదలవుతుంది. ఇందులో వర్డ్ ఏదీ? ఫోటోషాప్ ఏదీ? అని ఇంట్లో అందరూ వెతుకులాట మొదలెడతారు. ఈవేళ నేను మాట్లాడదలచుకున్నది ఆ వెతుకులాట గురించే.

మా వీధిలో వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. మేమందరం మావయ్యగారు అంటాం. ఆయన కంప్యూటర్‌లో మింట్ వేశాక మొదటి ప్రశ్న ఇదీ:

"ఏటి బాబూ, ఇందులో పేజ్‌మేకర్ లేదంట కదా! మరి మన మాతా పూజ కరపత్రం ఎలాగేస్తాం?"

"మీకు కావలసింది పేజ్‌మేకరా, కరపత్రమా మావయ్యగారూ?"

"కరపత్రమే అనుకో."

"అయితే ఉంది."

ఆయనకి సంగతి వెంటనే అర్థమైంది. స్టోర్సుకి వెళ్ళి బోల్టు అడిగేటప్పుడు సైజు చెబుతాం, మర ఎలాంటిదో చెబుతాం, తయారుచేసిన కంపెనీ పేరు చెప్పం కదా అన్నారు. లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ వెతకడమూ అంతే. కంపెనీ పేరు పక్కన పెట్టి పని పేరు చెప్పాలి. కరపత్రం కూర్చాలి, ఫోటో చిన్నది చెయ్యాలి, నాలుగు పీడీఎఫ్‌లు ఒకటిగా కుట్టాలి, పాత క్యాసెట్‌లోని పాట కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పని ఇలా విడమరిచి చెప్పుకోగలిగితే సగం వెతుకులాట అక్కడే తీరిపోతుంది.

మిగతా సగం ఎక్కడ వెతకాలన్నది. విండోస్‌తో మనకి ఒక అలవాటు పడిపోయింది. ఏది కావాలన్నా గూగుల్‌లో కొట్టడం, వచ్చిన మొదటి సైట్ తెరవడం, డౌన్‌లోడ్ అని పచ్చగా మెరిసే బొత్తాం నొక్కడం. అలా నొక్కినప్పుడు అడిగిన దానితో పాటు అడగనివి ఇంకో రెండు దిగుతాయి. లైనక్స్‌లో ఈ అలవాటు మానుకోవాలి. ప్రతి లైనక్స్‌కీ సొంత భాండాగారం ఒకటి ఉంటుంది, రిపోజిటరీ అంటారు. 1993లో మొదలైన డెబియన్ భాండాగారంలో 60 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. 2004లో వచ్చిన ఉబుంటు డెబియన్ మీద కట్టినది, మింట్ ఉబుంటు మీద కట్టినది. ఆ ప్యాకేజీల్లో ప్రతిదానికీ బాధ్యత తీసుకున్న మనిషో బృందమో ఉంటుంది. మూలం ఎక్కడిది, లైసెన్సు ఏమిటి, తక్కిన వాటితో కలిసి పనిచేస్తుందా లేదా చూసి, డిజిటల్ సంతకం చేసి పెడతారు. అప్‌డేట్ ఒక్కసారి నొక్కితే ఆఫీసు సూట్ నుంచి బొమ్మల ప్రోగ్రాం దాకా అన్నిటికీ సవరణలు ఒకేసారి దిగుతాయి.

మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ అని, ఉబుంటులో యాప్ సెంటర్ అని, కేడీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి డిస్కవర్ అని ఈ భాండాగారానికి తలుపులు వేరువేరు పేర్లతో ఉంటాయి. తెరిచి పైన ఉన్న గడిలో పని పేరు కొట్టండి. ఇంగ్లీషులోనే కొట్టాలి, అదొక్కటే ఇబ్బంది. స్కాన్ అని కొట్టినా, పీడీఎఫ్ అని కొట్టినా, తెలుగు అని కొట్టినా వరస వస్తుంది. ఇందులో తెలుగు అని కొట్టి చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకో కాసేపట్లో వస్తాను.

వరసలో పది కనిపిస్తే ఏది తీసుకోవాలి? నేను ముందు చూసేది చివరిసారి ఎప్పుడు సవరించారన్నది. అయిదారేళ్ళుగా ఎవరూ ముట్టనిదైతే పక్కన పెడతాను. ఆ తర్వాత లైసెన్సు చూస్తాను. జీపీఎల్ అనో, ఎంపీఎల్ అనో, ఎంఐటీ అనో ఉంటే దాని మూలకోడ్ అందరికీ తెరిచి ఉన్నట్టు లెక్క. ఇది ఎందుకు ముఖ్యమో రెండు ఉదాహరణలు చాలు. ఓపెన్‌ఆఫీస్ అనే ఆఫీసు సూట్‌ను నడిపిన సన్ కంపెనీని 2010లో ఒరాకిల్ కొనేసింది. ఇక ఏమవుతుందోనని అందులో పనిచేస్తున్నవాళ్ళే ఆ ఏడాది సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్ అని పెట్టుకుని, అదే కోడ్‌తో లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. ఇవాళ మనం వాడుతున్నది అదే. ఆడాసిటీ అనే ధ్వని ప్రోగ్రాం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2000లో బయటికొచ్చింది. 2021లో అది మ్యూజ్ గ్రూప్ చేతికి వెళ్ళింది. కొత్త యజమానులు వాడేవాళ్ళ వివరాలు సేకరించే ఏర్పాటు చేయబోతే పెద్ద గొడవ లేచింది, ఆ ప్రతిపాదన చాలావరకు వెనక్కి పోయింది. ఈలోగా కొందరు ఆ కోడ్‌తోనే టెనాసిటీ అని ఇంకోటి నడపడం మొదలెట్టారు. యజమాని మారినా పనిముట్టు వాడేవాడి చేతిలోంచి పోదు. నెలనెలా అద్దె కట్టి వాడే సాఫ్ట్‌వేర్‌లో ఈ ధీమా దొరకదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. లైనక్స్ కదా, భయం లేదు అనుకోకూడదు. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకే దొంగలు చొరబడి, దొంగదారి పెట్టిన డిస్కు ఫైలును కొంతసేపు జనం చేత దింపించారు. అందుకే దింపుకున్న ఫైలుని అక్కడ ఇచ్చిన చెక్‌సమ్ అనే పరీక్ష సంఖ్యతో సరిచూసుకోమంటారు, ఆ రెండు నిమిషాలు బద్ధకించకండి. 2023లో ఉబుంటువాళ్ళ స్నాప్ స్టోర్ అనే ప్రోగ్రాముల అంగడిలో క్రిప్టో వాలెట్ల పేరుతో నకిలీవి పెట్టి జనాన్ని ముంచారు. ఫ్లాట్‌పాక్ అనే రకం ప్యాకేజీలు దొరికే ఫ్లాట్‌హబ్‌లో ఐతే తయారుచేసినవాళ్ళే స్వయంగా పెట్టిన దానికి పక్కన టిక్కు గుర్తు ఉంటుంది. మింట్ 22 నుంచి ఆ గుర్తు లేనివి మామూలుగా కనిపించనే కనిపించవు. మంచి పని చేశారు. ముందు మీ లైనక్స్ సొంత భాండాగారం, అందులో లేకపోతే టిక్కున్న ఫ్లాట్‌పాక్, అక్కడా లేకపోతేనే తయారీదారు సొంత సైట్. నేను పాటించే వరస ఇది. డబ్బు, బ్యాంకు, పాస్‌వర్డులతో ముడిపడ్డ ఏ ప్రోగ్రాం విషయంలోనూ ఈ వరస దాటను.

ఇక పనుల్లోకి వద్దాం. మా ఊళ్ళో ఇంటింటా ఉండే పని ఉద్యోగం దరఖాస్తు. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, ఏదో ఒక నోటిఫికేషన్ పడుతూనే ఉంటుంది. పిల్లలు ఫారం నింపడంలో కాదు, ఫోటో దగ్గర చిక్కుకుంటారు. కొన్ని దరఖాస్తుల్లో ఫోటో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలంటారు, సంతకం 10 నుంచి 20 కేబీ అంటారు. ఫోన్‌తో తీసిన ఫోటో మూడు, నాలుగు ఎంబీ ఉంటుంది. చివరి రోజున నెట్ సెంటర్ దగ్గర బారులు తీరడం దీనికోసమే.

దీనికి గింప్ ఉంది. కాలిఫోర్నియాలో బర్కిలీ విద్యార్థులు ఇద్దరు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్, చదువుకునే రోజుల్లో మొదలుపెట్టి 1996లో విడుదల చేసిన ప్రోగ్రాం అది. ఫోటో తెరిచి, క్రాప్ పనిముట్టుతో మూడున్నరకి నాలుగున్నర నిష్పత్తిలో ముఖం, భుజాలు వచ్చేలా కత్తిరించండి. ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్ తీసి, వెడల్పు ఓ 350 పిక్సెళ్ళకి దించండి. ఎత్తు దానంతటదే సరిపోతుంది. తర్వాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి, పేరు చివర జేపీజీ అని రాయండి. అప్పుడు క్వాలిటీ అని ఒక మీట వస్తుంది. దాని దగ్గరే ప్రివ్యూ చూపించు అనే చిన్న గడి ఉంది, చాలామంది దాన్ని చూడకుండా దాటిపోతారు. అందులో టిక్కు పెడితే మీట జరుపుతున్నకొద్దీ ఫైలు ఎన్ని కేబీలు అవుతుందో అక్కడికక్కడే అంకె మారుతూ కనిపిస్తుంది. 48 దగ్గర ఆపండి. ముఖం చెడకుండా, బోర్డు అడిగిన లెక్కలో, ఇంట్లో కూర్చునే అయిపోయింది. సంతకానికీ ఇదే దారి.

సర్టిఫికెట్లు స్కాన్ చెయ్యడానికి డాక్యుమెంట్ స్కానర్ అని చాలా లైనక్సుల్లో ముందే ఉంటుంది. విడివిడి పీడీఎఫ్‌లు కలపడానికి, తలకిందులైన పేజీ తిప్పడానికి పీడీఎఫ్ అరేంజర్. ఫారం మీద రాసి సంతకం పెట్టడానికి జోర్నల్ ప్లస్ ప్లస్. వీటి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, తెరిచిన పది నిమిషాల్లో పట్టుబడతాయి. ఆధార్ కాగితం, మార్కుల జాబితా లాంటివి ఎక్కడో ఉన్న ఉచిత సైట్లకి ఎక్కించి కలిపించుకోవడం మాత్రం దయచేసి మానండి. అవి మన ఇంటి కాగితాలు, ఇంట్లోనే ఉండాలి.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వస్తాను. మా సంగతి కొంచెం చెప్పాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్ళు ఇక్కడ స్టేషను, వర్క్‌షాపు కట్టిన కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు వచ్చి స్థిరపడుతూ ఉన్నారు. ఇంట్లో తెలుగు, బజార్లో బెంగాలీ, పని దగ్గర హిందీ, దరఖాస్తులో ఇంగ్లీషు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాషల్లో చోటిచ్చింది. గుర్తింపు వచ్చింది సరే, మన మూడో తరం, నాలుగో తరం పిల్లలకి మాట్లాడడం వచ్చినంతగా రాయడం రాదు. బళ్ళో నేర్చుకునే లిపి వేరు. తాతగారికి వాట్సాప్‌లో తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాలతో పంపిస్తున్నారు. నాకు మనసులో గుచ్చుకునే విషయం ఇది.

అందుకే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు గురించి ఆగి చెబుతున్నాను. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఖాయం చేసిన అమరిక ఇది. దీని గొప్పతనం హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకంటే ఖరగ్‌పూర్‌లో కూర్చున్నవాళ్ళకి బాగా తెలుస్తుంది. అందులో కే నొక్కితే తెలుగులో క వస్తుంది, బెంగాలీకి మార్చుకుని అదే నొక్కితే బెంగాలీ క వస్తుంది, హిందీలో హిందీ క, ఒడియాలో ఒడియా క. ఎల్ మీద త, వీ మీద న, సీ మీద మ, జే మీద ర, హెచ్ మీద ప, ఎన్ మీద ల. కమల అని కొట్టాలంటే కే, సీ, ఎన్. ఏ లిపిలో కొట్టినా అవే మూడు. ఒక్కసారి వేళ్ళకి అలవాటైతే నాలుగు లిపులు చేతికొస్తాయి. నాలుగు భాషల మధ్య పెరిగే మా పిల్లలకి ఇంతకంటే కలిసొచ్చేది ఇంకేముంటుంది? బళ్ళో బెంగాలీ టైపింగ్ నేర్చుకున్న పిల్ల ఇంటికొచ్చి అదే చేత్తో తెలుగు కొట్టగలదు.

శ్రీకాకుళం అని కొట్టి చూద్దాం. షిఫ్ట్‌తో ఎం నొక్కితే శ. డీ నొక్కితే పొల్లు. జే నొక్కగానే ర వచ్చి శ పక్కన కూర్చోదు, క్రావడిగా మారిపోతుంది. ఆర్ నొక్కితే గుడిదీర్ఘం, శ్రీ పూర్తయింది. తర్వాత కే, ఈ, కా. కే, జీ, కు. షిఫ్ట్‌తో ఎన్, ళ. చివర ఎక్స్, సున్నా. ర క్రావడిగా మారడం, గుడి సరైన చోట నిలవడం, ఇవన్నీ హార్ఫ్‌బజ్ అనే ఒక చిన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోపల కూర్చుని చేస్తోంది. దాన్ని నిలబెట్టిన ముఖ్యుడు బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ ఫోన్లు, ఇన్నింటిలో మన ఒత్తులు చెదరకుండా నిలుస్తున్నాయంటే దాని చలవ చాలా ఉంది.

దీన్ని పెట్టుకోవడానికి ఏదీ దించుకోనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో కీబోర్డు, అందులో లేఅవుట్లు, అక్కడ ప్లస్ గుర్తు నొక్కి తెలుగు ఎంచుకోవడమే. ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ కొట్టడం అలవాటైనవాళ్ళు ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకోండి, అందులో ఆర్‌టీఎస్ ఉంది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువాళ్ళు 1990లలో ఏర్పాటు చేసిన పద్ధతి అది. డీటీపీ సెంటర్లో అను అనే తెలుగు టైపింగ్ ప్రోగ్రాంతో చెయ్యి తిరిగినవాళ్ళకి యాపిల్ లేఅవుట్ కూడా అందులోనే ఉంది. బెంగాలీ స్నేహితులు మెహదీ హసన్ ఖాన్ చేసిన అభ్ర పద్ధతి వదలరు, వాళ్ళకి లైనక్స్‌లో ఓపెన్‌బంగ్లా కీబోర్డు ఉంది.

ఇక మావయ్యగారి కరపత్రం. ఇందాక తెలుగు అని కొట్టి చూడమన్నాను. డెబియన్, ఉబుంటు, మింట్ ఏదైనా, అక్కడ తెలుగు ఫాంట్ల మూటలు కనిపిస్తాయి. ఒకదాంట్లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఉంటాయి. తెలుగు విజయం పేరుతో ఉన్న మూటలో రామభద్ర, మల్లన్న, మండలి, సూరన్న, ధూర్జటి, గురజాడ, గిడుగు, ఇలా ఇరవై దాకా దొరుకుతాయి. ఎవరి అనుమతీ అడగకుండా, రూపాయి కట్టకుండా అచ్చు వేసుకునే లైసెన్సుతో ఇచ్చారు. గిడుగు రామమూర్తిగారు మా శ్రీకాకుళం వైపు మనిషి, అందుకే మా కరపత్రం పై వరస ఆ ఫాంటులోనే వేశాం.

కూర్పు స్క్రైబస్ అనే ప్రోగ్రాంలో చేశాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్క్రైబస్ పాత 1.4లో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కకి పడేవి. 2024 జనవరిలో వచ్చిన 1.6 నుంచి భారతీయ లిపులు సరిగ్గా వస్తున్నాయి. మీ భాండాగారంలో పాతది ఉంటే ఫ్లాట్‌పాక్ నుంచి కొత్తది తీసుకోండి. ఒక్క పేజీ కరపత్రమే, పూలు, తోరణాలు ఎక్కువ అనుకుంటే బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ నయం. మేము తెలుగు ఒక వైపు, బెంగాలీ, హిందీ రెండో వైపు వేశాం. ప్రెస్సుకి పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు ఫాంట్లు లోపల పొదిగి ఇవ్వాలి, స్క్రైబస్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే దీన్ని ఎంచుకునే వీలుంది. పొదగకపోతే ప్రెస్సువాళ్ళ కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉండదు, అక్షరాలు ఇంకోలా పడతాయి.

పాత అను ఫైళ్ళ విషయం మాత్రం వేరు. అవి యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతిలో, లేవు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ, మార్చాక ప్రతి పంక్తీ కళ్ళతో చదివి దిద్దుకోవలసిందే. పెళ్ళి శుభలేఖలో గోత్రం తప్పు పడితే ఊరుకోరు కదా. అందుకని కొత్తగా రాసేదేదైనా ఇవాళ్టి నుంచీ యూనికోడ్‌లోనే రాయండి.

చందాల లెక్కకి లిబ్రేఆఫీస్ కాల్క్ చాలు. పేరు, క్వార్టర్ నంబరు, ఇచ్చిన మొత్తం, రసీదు నంబరు, నాలుగు నిలువు గళ్ళు. సంఘం పెద్దదై బ్యాంకు ఖాతా, ఆడిట్ లాంటివి ఉంటే గ్నూక్యాష్ నేర్చుకోండి, జమాఖర్చులు రెండు వైపులా రాసే పద్ధతి అది. ఇంటి ఖర్చుకి అంత అక్కర్లేదు.

ఆడాసిటీ గురించి ఇందాక చెప్పాను, దానితో ఇంట్లో చేయవలసిన పని ఒకటి ఉంది. బీరువాల్లో క్యాసెట్లు ఉన్నాయి. హరికథలు, నాటకాలు, పెళ్ళిపాటలు, చనిపోయిన పెద్దల గొంతులు. టేపుకి అయస్కాంతపు పూత రాలిపోతోంది, బూజు పడుతోంది. ఇంకా నడిచే టేప్‌రికార్డరు దొరికితే దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌లోకి తీగ పెట్టి, ఆడాసిటీలో ఎర్రబొత్తాం నొక్కండి. పాట మొదలవకముందు ఉత్త బుస మాత్రమే వినిపించే రెండు సెకన్లు ఉంటుంది చూడండి, దాన్ని ఎంచి నాయిస్ ప్రొఫైల్ తీసుకోమని చెప్పాలి. తర్వాత మొత్తం ఎంచి నాయిస్ రిడక్షన్ వేస్తే బుస తగ్గుతుంది. ఎక్కువ తగ్గించకండి, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోతుంది. కొంచెం బుస ఉన్నా ఆ గొంతు ఆ గొంతులా ఉండాలి. అసలు ప్రతిని నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలుగా దాచండి, అందరికీ పంపడానికి ఎంపీ3 చేయండి.

అలాగే పాత పుస్తకాల పేజీలు స్కాన్ చేసి అక్షరాలుగా మార్చడానికి టెసరాక్ట్ ఉంది. హెచ్‌పీ ప్రయోగశాలలో పుట్టి, 2005లో అందరికీ తెరుచుకుంది, తెలుగు చదువుతుంది. జీఇమేజ్‌రీడర్ అనేది వేసుకుంటే కిటికీలోంచి బొత్తాలతో వాడుకోవచ్చు. తెల్లకాగితం మీద శుభ్రంగా అచ్చయినవి బాగా చదువుతుంది, అరిగిపోయిన సీసపు అచ్చుల పేజీల్లో తడబడుతుంది.

చిన్నపిల్లలున్న ఇళ్ళకి బొమ్మలేసుకునే టక్స్ పెయింట్, ఆటలతో నేర్పే జీకాంప్రీ. కాస్త పెద్దవాళ్ళకి కివిక్స్. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకుని, నెట్ లేకపోయినా కివిక్స్‌లో చదువుకోవచ్చు. నెట్ లేకుండా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పిల్లల చేత తెలుగు చదివించడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి మార్గం లేదు.

లైనక్స్‌లో జరగని పనులు కూడా ఉన్నాయి, అవి దాచిపెడితే మీకు అన్యాయం చేసినట్టే. నవంబరు వచ్చిందంటే పెన్షనర్లందరికీ జీవన్ ప్రమాణ్ గుర్తొస్తుంది. వేలిముద్ర పరికరంతో నడిచే ఆ ప్రోగ్రాం విండోస్‌కి, ఆండ్రాయిడ్‌కి ఉంది. ముఖం చూపించి చేసే పద్ధతి ఫోన్ మీదే అవుతుంది. కనుక ఆ పని ఫోన్లో కానివ్వండి. టాలీ నేర్చుకుని అకౌంట్స్ ఉద్యోగం చూసుకోవాలనుకునే పిల్లలకి విండోస్ కావాలి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లు లైనక్స్‌లో మొండికేస్తాయి, అందుకే పెన్‌డ్రైవ్‌తో నడిపి చూసేటప్పుడే ఒక పేజీ అచ్చు తీసి చూడమన్నాను. పని అక్కడ ఆగిపోతే రెండూ పక్కపక్కనే ఉంచుకోండి, ఏది స్టార్ట్ చేయాలో మెషీన్ మొదట్లోనే అడుగుతుంది. పట్టుదలకి పోయి ఇంట్లోవాళ్ళ పని ఆపవద్దు.

నేర్చుకోవడానికి సాయం కావాలంటే ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలున్నాయి. లిబ్రేఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్ లాంటివి పదేసి నిమిషాల వీడియోలుగా, తెలుగు వ్యాఖ్యానంతో కూడా దొరుకుతాయి, పూర్తిగా ఉచితం. సీడాక్ సంస్థ 2007లో తెచ్చిన బాస్ లైనక్స్‌లో భారతీయ భాషలు ముందే అమర్చి ఉంటాయి. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తేవడానికి పాటుపడుతోంది. మా ఊళ్ళోనే, 1951లో హిజ్లీ జైలు భవనంలో మొదలైన ఐఐటీలో, విద్యార్థులు ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ అని నడుపుతున్నారు. ఏటా చలికాలంలో కొత్తవాళ్ళ చేత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో పని చేయిస్తారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ పిల్లలు ఆ గేటు బయటే ఉండిపోవలసిన పని లేదు. ఆ పని నెట్‌లోనే జరుగుతుంది, ఎవరైనా చేరవచ్చు.

కోడ్ రాయడం రాకపోయినా చేయగలిగింది ఉంది. లిబ్రేఆఫీస్‌నీ, గ్నోమ్ డెస్క్‌టాప్‌నీ తెలుగులో పెట్టి చూడండి. కొన్ని మెనూలు తెలుగులో ఉంటాయి, కొన్ని ఇంగ్లీషులోనే మిగిలిపోయి ఉంటాయి. కొన్నిచోట్ల తెలుగు మరీ పాఠ్యపుస్తకంలా ఉంటుంది. అవి ఎవరో జీతం తీసుకుని వదిలేసినవి కావు, చేసేవాళ్ళు లేక ఆగినవి. లిబ్రేఆఫీస్ అనువాదం డాక్యుమెంట్ ఫౌండేషన్ వెబ్లేట్ సైట్‌లో జరుగుతుంది. ఖాతా తెరిచి, ఇంగ్లీషు వాక్యం చూసి తెలుగు రాయడమే. తెలుగు రాయడం వచ్చిన తాతయ్యలు, ఇంగ్లీషు వచ్చిన మనవలు పక్కపక్కన కూర్చుంటే పని చకచకా సాగుతుంది. మా మావయ్యగారు ఇప్పటికే ఆ పనిలో పడ్డారు. ప్రింట్ అన్న చోట ఎవరో ముద్రణ అని పెడితే, దాన్ని అచ్చు అని మార్చాలంటూ సూచన పెట్టారు. ఒప్పుకుంటారో లేదో చూడాలి.